తొట్టెల మడి గట్టు

నలభై ఒకటో పేజీ తెరిస్తే చాలు, ప్రోగ్రాం మూసుకుపోతోంది. ముందు తెర తెల్లబడుతుంది, చిన్న చక్రం రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు డెస్క్‌టాప్ మీద మా అమ్మాయి ఫొటో ప్రత్యక్షమవుతుంది. పొద్దుటి నుంచి పద్నాలుగు సార్లు చూశాను ఆ ఫొటో. కన్నబిడ్డ నవ్వు చూసినా ఒళ్లు మండే రోజు ఒకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

నా పేరు గోదావరి. నిజామాబాద్ బస్టాండు వెనక సందులో పంతొమ్మిదేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెండ్లి కార్డులు, కరపత్రాలు, బోధన్ వైపు నుంచి వచ్చే మరాఠీ వాళ్ల బారసాల కార్డులు, ఏవైనా సరే. నా మిషను మొరాయించిందని కస్టమరు ముందు ఒప్పుకున్న పాపాన మాత్రం ఇంతవరకూ పోలేదు. తప్పును కరెంటు మీదకు తోస్తాను, ఫాంటు మీదకు తోస్తాను, ఏదీ దొరక్కపోతే వాన మీదకు తోస్తాను.

ఆ రోజు వాన నిజంగానే పడుతోంది. పక్కన స్టూలు మీద రాజారాం బాపు కూర్చుని ఉన్నాడు. చందూర్ అవతల వాళ్ల ఊరు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. బోధన్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరుకు పండించాడు, తర్వాత వరిలోకి దిగాడు. మూడు నెలల కింద చంకలో పెద్ద కాగితం చుట్ట పెట్టుకుని మొదటిసారి నా షాపు మెట్లెక్కాడు. ఊరి పొలాలన్నీ కాలినడకన తిరిగి, ప్రతి మడికీ, ప్రతి చెలకకూ ఉన్న పేరు రాసుకున్న నక్ష అది. ఇప్పుడు అందరి నోట సర్వే నంబర్లే ఆడుతున్నాయని, పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారని, అందుకే పుస్తకం వేయిస్తానని అన్నాడు. మొత్తం అరవై నాలుగు పేజీలు. నలభై ఒకటో పేజీలో ఆ నక్ష.

సగం పేర్లు ఆయనకు తెలియవు. అవి వాళ్ల అన్న దేవన్నకే తెలుసు. అన్నదమ్ములకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వదిన శంకరమ్మ మధ్యలో ఉండి, మొగుడు చెప్పిన పేర్లను కాగితం ముక్కల మీద రాయించి పంపింది. ఎల్లుండి పొలాల అమావాస్య, ఎడ్ల పండుగ. ఎడ్లను తిప్పే చోట, ఊరందరి ముందు, మొదటి పుస్తకం అన్న చేతికే ఇస్తానని రాజారాం బాపు కబురు పంపితే దేవన్న వస్తానన్నాడట. ఈసారి పుస్తకం అందకపోతే అన్న ఇక తన దిక్కు చూడడని బాపు భయం. ప్రెస్సు వాళ్లకు సాయంత్రం అయిదు లోపల ఫైలు చేరితేనే రేపు అచ్చవుతుంది.

మిషను ఆపి మళ్లీ పెట్టాను. ఫాంట్లు మార్చాను. ఫైలును పాత వెర్షన్‌లోకి దించి మళ్లీ పైకి ఎక్కించాను. నిన్న సాయంత్రం దాకా చక్కగా తెరుచుకున్న పేజీ ఇది. రాత్రికి ఇంటికి పోయేముందు బాపు ఫోన్లో చెప్పిన దిద్దుబాట్లు నలభై దాకా చేశాను. వాటిలో ఏదో ఒకటి ముల్లై కూర్చుంది.

ఇక మా డీటీపీ వాళ్ల ఆఖరి ఉపాయం సగం చేయడం. ఫైలుకు కాపీ తీసి, పేజీలో సగం తుడిచేస్తాం. మిగిలిన సగం సక్రమంగా తెరుచుకుంటే దోషం పోయిన సగంలో ఉన్నట్టు. మూసుకుపోతే ఉన్న సగంలోనే ఉన్నట్టు. నలభై ఒకటో పేజీ తెరిచాక మూసుకుపోవడానికి నాలుగైదు క్షణాలు పడుతోంది. ఆ లోపలే గీతలు పట్టి తుడిచి, సేవ్ చేసేయాలి. చేతివేగం విషయంలో నాకు పోటీ లేదు.

మొదట తూర్పు దిక్కు పొలాలు తీసేశాను. బాపు తెర వైపు వంగాడు.

“కోతుల చెలక పాయె,” అన్నాడు మెల్లగా. “పీర్ల మాన్యం పాయె. గుడ్డిబాయి మడి పాయె.”

ఇది ఉత్త కాపీ, అసలు నక్ష భద్రంగా ఉందని చెప్పాను. తల ఊపాడే కానీ గొణగడం ఆపలేదు. ప్రోగ్రాం మళ్లీ మూసుకుపోయింది. ఉత్తరం తీసేశాను. మళ్లీ మూసుకుపోయింది. తెల్లదనం శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెనక నీళ్లలాగా నిమ్మళంగా నక్ష మీదకు ఎక్కుతోంది. ఒక్కొక్క పేరు మునుగుతుంటే ఆయన దాన్ని పలికి సాగనంపుతున్నాడు. బయట రేకుల మీద వాన ఒకే తీరుగా పడుతోంది. చక్రం తిరిగేటప్పుడు నా కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి.

నేను ఆ నక్షలో నడుస్తున్నాను. మోకాళ్ల దాకా మంచు ఉంది, కింద నేల ఉందో లేదో తెలియదు. పేర్లన్నీ మనుషుల్లా ఎవరి మడిలో వాళ్లు కుదురుగా కూర్చుని ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం నిలబడే ఉంది. ఒక గట్టు దగ్గరకు పోయి ఇక్కడ కూర్చోనా అని అడుగుతోంది, అటు జరుగు అంటోంది ఆ గట్టు. అటు పోతే ఇటు జరుగు అంటోంది ఇంకొకటి. దాని వెంట నేనూ తిరుగుతున్నాను. ఎవరి బిడ్డో తెలియదు, నాకు మాత్రం దాన్ని ఎత్తుకోవాలనిపించింది.

“బిడ్డా, అయిపోయిందా?” అన్న బాపు మాటకు ఉలిక్కిపడి లేచాను. తెర మీద మా అమ్మాయి నవ్వుతోంది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

దక్షిణం, పడమర కూడా తీసేశాక కాలువ పక్కన రెండంటే రెండు మడి ముక్కలు మిగిలాయి. రెండింటికీ కలిపి ఒకటే పేరు, తొట్టెల మడి. మధ్యలో ఒక గట్టు. వాటితో కూడా ప్రోగ్రాం మూసుకుపోయింది. అంటే దోషం అందులోనే ఉంది. ఈసారి పేజీ తెరవగానే ఏమీ తుడవకుండా, ఏ గీత కింద ఏముందో చూపే పొరల పట్టీ తెరిచి చూశాను. ఆ ఒక్క గట్టు చోట పదకొండు గీతలు ఉన్నాయి. పైకి కనబడేది ఒక్కటే, తక్కిన పది దాచిపెట్టినవి.

దాచింది ఎవరో కాదు, నేనే. కస్టమరు వద్దన్న గీతను మేము చెరపం, కింద దాస్తాం. రేపు వచ్చి పాతదే బాగుందంటే మళ్లీ తీయొచ్చని. గట్ల మీద పేరు పడకుండా ప్రతి గీతకూ దగ్గరకొచ్చిన అక్షరాలను పక్కకు తోసే గుణం పెట్టాను. దాచినంత మాత్రాన ఆ గుణం పోదు. పదకొండు గీతలు తలా ఒక దిక్కుకు తోస్తుంటే ఆ పేరు ఎక్కడ నిలవాలో తెలియక అటూ ఇటూ తిరిగి, చివరికి ప్రోగ్రాం మొత్తాన్ని కూల్చేస్తోంది. పంతొమ్మిదేళ్ల అనుభవమని మురిసిపోయే దాన్ని, నిన్న రాత్రి పదకొండోది పెట్టేటప్పుడు కూడా నాకు తట్టలేదు. సిగ్గేసింది.

“బాపు, ఈ ఒక్క గట్టును నాతోని పది మాట్ల జరిపిచ్చినవ్. ఎందుకు?” అని అడిగాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, తెర వైపు కాకుండా వాన వైపు చూస్తూ చెప్పాడు.

“మమ్ముల గన్న అవ్వ కలుపుకు పోతే గా మడిల తుమ్మచెట్టుకు చీర కట్టి తొట్టెల ఏసేది. మొదలు మా అన్న పన్నడు అండ్ల, ఎనుక నేను. పంపకాలప్పుడు చెట్టు నా దిక్కు రావాలె అని నేను, తన దిక్కు రావాలె అని అన్న. గాడికెల్లి మాటల్లేవు. చెట్టు కూలి ఏండ్లాయె బిడ్డా, గట్టు లొల్లి మాత్రం పోలే. కోపమొచ్చిన్నాడు అన్న దిక్కు జరుపుమని నీకు ఫోన్ జేసిన. మనసు కరిగిన్నాడు నా దిక్కే జరుపుమన్న. గా నక్ష అన్న సూస్తడు గద, ఏడ పెడితె ఏమనుకుంటడో అని.”

పదకొండింటిలో ఆయన చెప్పిన ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తానన్నాను. ఏది ఉంచాలో చూపించమన్నాను. బాపు లేచి తెర దగ్గరకు వచ్చాడు. వేలు ఆ రెండు ముక్కల మధ్య ఆగింది, కొంచెం అటు పోయింది, కొంచెం ఇటు వచ్చింది. నాలుగుంబావు అయింది. తొందరపెడదామని నోరు తెరిచి, ఆ వేలు మళ్లీ అటే పోవడం చూసి మూసుకున్నాను.

“అన్నీ తీసెయ్,” అన్నాడు.

“నడుమ ఒక్కటన్న ఉండాలె గద బాపు?”

“మా అవ్వ తొట్టెల కట్టిన్నాడు గట్టు లేకుండె.”

అసలు ఫైలు తెరిచి, నాలుగు క్షణాల్లో పదకొండు గీతలూ తుడిచేశాను. తొట్టెల మడి అన్న పేరు ఒక మూల నుంచి మెల్లగా జరిగి నడిమధ్యకు వచ్చి ఆగింది. ఇద్దరం తెరనే చూశాం. వంద లెక్కపెట్టాను. మా అమ్మాయి ఫొటో రాలేదు. తూర్పున కోతుల చెలక ఉంది, పీర్ల మాన్యం ఉంది, గుడ్డిబాయి మడి ఉంది. బాపు ప్రతిదాన్నీ పేరు పెట్టి పలకరిస్తుంటే ఫైలు ప్రెస్సుకు పంపాను.

అమావాస్య నాడు పుస్తకాల కట్ట నేనే తీసుకుని వాళ్ల ఊరికి పోయాను. పంపించొచ్చు, కానీ మనసు ఊరుకోలేదు. వాన వెలిసింది. కొమ్ములకు రంగులు పూసుకున్న ఎడ్లు వరుసగా తిరుగుతున్నాయి. దేవన్న నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన శంకరమ్మ నిలబడి ఉంది. రాజారాం బాపు రెండు చేతులతో పుస్తకం అందించాడు. దేవన్న అద్దాలు పెట్టుకుని, వరసగా పేజీలు తిప్పి నక్ష దగ్గర ఆగాడు. కాలువ వెంట వేలు పెట్టి తొట్టెల మడి దాకా వచ్చాడు. దాని మీద వేలు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా నడిపి వెతికాడు.

“గట్టేదిరా?” అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అదే.

బాపు తల వంచుకున్నాడు. “కంప్యూటర్ ఒప్పుకోలే అన్నా,” అన్నాడు.

దేవన్న నన్ను చూశాడు. “నిజమేనా బిడ్డా?”

కరెంటు గుర్తొచ్చింది, ఫాంటు గుర్తొచ్చింది, వాన కూడా గుర్తొచ్చింది. “నిజమే బాపు,” అన్నాను. “గట్టు పెడితె నా మిషన్ నడువలే. మూసుకపోయింది.”

ఆయన ఇంకాసేపు ఆ పేజీనే చూశాడు. తర్వాత అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మంచం మీద ఒక పక్కకు జరిగాడు.

“కూసో,” అన్నాడు తమ్ముడితో. “నువ్వే సదువు. నాకు కండ్లు ఆనతలేవు.”