వాగు అవతలి పిలుపు

కెజయా పిలిస్తే లెమ్యూల్ వెంటనే పలకడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె వసారాలో నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి "లె...మ్!" అని సాగదీస్తే, వాగు అవతల చేలో వంగి ఉన్నవాడు వంగినట్టే ఆగిపోతాడు. రెండో పిలుపుకూ కదలడు. మూడో పిలుపుకు తలెత్తి "వస్తున్నా పిన్నీ" అంటాడు.

"ఫిరంగులు తినేశాయి వీడి చెవుల్ని," అని టెంపీ నవ్వుతుంది. కెజయా కూతురు, పదిహేడేళ్ల పిల్ల. "మనమూ ఓ ఫిరంగి కొనుక్కుందామే అమ్మా. భోజనానికి పిలవాలంటే ఓసారి పేలిస్తే సరి."

అతని చెవులకేమీ కాలేదు. మొదటి పిలుపే వినిపిస్తుంది, స్పష్టంగా. అయితే ఆ మొదటి పిలుపు కెజయాదని అతనికి ఎప్పుడూ అనిపించదు. ఆ సాగదీత ఆమె కొడుక్కీ ఉండేది. తల్లి గొంతులోంచి కొడుకు పిలుస్తుంటే, అది ఎవరిదో తేలేదాకా ఆగాలి కదా.

లెమ్యూల్‌కు తొమ్మిదేళ్లప్పుడు అమ్మా నాన్నా ఒకే వారంలో జ్వరంతో పోయారు. పక్క లోయలో ఉండే కెజయా గాడిద మీద వచ్చి, దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆమె కొడుకు ఓరెన్‌దీ అదే వయసు. అప్పటినుంచి ఆ కొండల్లో ఆమె పిలుపు ఒకటే: "ఓరెన్-లెమ్!" మధ్యలో ఊపిరి తీసుకునేది కాదు. ఇప్పుడు సగం పిలుపే మిగిలింది. అటక మీద ఇద్దరూ పడుకున్న మంచం మాత్రం అలాగే ఉంది. లెమ్యూల్ ఇప్పటికీ తన వైపే పడుకుంటాడు. గోడ వైపు దుప్పటి నలగదు.

ఇద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరారు. చేతిరాత బాగుంటుందని కంపెనీలో అందరి ఉత్తరాలూ లెమ్యూల్ చేతే రాయించేవారు. సగం మందికి సంతకం రాదు. ఎవరైనా చనిపోతే ఇంటికి రాసేదీ అతనే. ఆ ఉత్తరాల్లో తల్లులు ఏం వెతుక్కుంటారో అతనికి త్వరగానే తెలిసిపోయింది. పక్కన ఎవరున్నారు, బాధ పడ్డాడా, దేవుణ్ని తలచుకున్నాడా, ఆఖరున ఏమన్నాడు. ఈ నాలుగూ లేని ఉత్తరం ఉత్తరం కాదు. పంతొమ్మిది రాశాడు అలా. కొన్నింట్లో నాలుగూ నిజమే. కొన్నింట్లో రెండు.

ఇరవయ్యోది ఓరెన్ గురించి.

ఆ ఉత్తరం వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఆదివారం మధ్యాహ్నాలు చుట్టుపక్కలవాళ్లు వచ్చి కూర్చుంటే, కెజయా దాన్ని బైబిల్లోంచి తీసి లెమ్యూల్‌కి ఇస్తుంది. అతను చదువుతాడు. "ప్రియమైన పిన్నీ, నీకు ఈ మాట రాయవలసి వచ్చినందుకు నా గుండె బరువెక్కుతోంది. మన ఓరెన్ మశూచితో నిన్న సాయంత్రం ప్రశాంతంగా కన్ను మూశాడు. ఆఖరిదాకా వాడి చేయి నా చేతిలోనే ఉంది. కొండలు కనబడాలి, గుడారం గుడ్డ పైకెత్తి ఉంచు అన్నాడు. ఆఖరున 'అమ్మా' అన్నాడు, అంతే." ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు ముక్కు చీదుకుంటారు. కెజయా మాత్రం ఏడవదు. పెదవులు కదుపుతూ వెంట చెప్పుకుంటుంది.

తీసి మడిచి, తీసి మడిచి, మడతల దగ్గర కాగితం చిరిగి నాలుగు ముక్కలైంది. నవంబరులో ఒక శనివారం కెజయా ఆ ముక్కల్ని బల్ల మీద పరిచి చూసింది. 'అమ్మా' అన్న మాట సరిగ్గా చిరుగులో పోయింది.

"లెమ్, నువ్వు ముందు నీ పుస్తకంలో రాసుకుని, తర్వాతే మంచి కాగితం మీద ఎక్కించేవాడివట కదా. ఆ పుస్తకం ఉందా?"

"ఉంది పిన్నీ. అయినా పుస్తకమెందుకు? నాకు కంఠతా వచ్చు. ఇప్పుడే రాసిస్తాను."

"కంఠతా నాకూ వచ్చు. అందుకే నా భయం. కిందటి వారం జూబల్ తాత ముందు నువ్వేమన్నావు? వాడి ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది అన్నావు. ఉత్తరంలో ఎడమా లేదు, కుడీ లేదు."

 తను ఎడమ అన్నట్టు లెమ్యూల్‌కే తెలియదు. కానీ ఆమె చెబుతుంటే ఆ చెయ్యి కనిపించింది, ఎడమదే. చూపుడు వేలికి గొడ్డలి గాటు మచ్చ, కాగుతున్న అరచెయ్యి. వేళ్ల మధ్య తడి కూడా తెలిసింది. ఇన్ని ఆదివారాల్లో ఆ గుడారంలోకి అతను అలా అలా లోపలికి వెళ్లిపోయాడు. గడ్డి పరుపు వాసన తెలుసు. ఎత్తి కట్టిన గుడ్డలోంచి పడే వెలుగు ఓరెన్ ముఖంలో ఏ వైపు పడేదో తెలుసు. తను ఎన్నడూ అడుగు పెట్టని చోటు అది.

అటక ఎక్కి పుస్తకం తెచ్చాడు. అరచేయంత పుస్తకం, అట్ట కొసలు ఎలుకలు కొరికాయి. ఆ చలికాలం కాగితం దొరక్క, ఒకసారి రాసిన పేజీనే పక్కకు తిప్పి, పాత వరుసల మీదుగా అడ్డంగా మళ్లీ రాసేవారు. ఓరెన్ పేజీ కూడా అలాంటిదే. కింద ఆనాటి డైరీ, పెన్సిలుతో. దాని మీదుగా అడ్డంగా ఉత్తరం చిత్తుప్రతి, ఎర్రపళ్లు పిండి చేసుకున్న సిరాతో. చూస్తే కంచెలా ఉంటుంది పేజీ.

ఆ పెన్సిలు రాతను చెరిపేయాలని ఒకసారి అనుకున్నాడు. గోధుమ రొట్టె మెత్తటి ముద్దతో రుద్దితే పెన్సిలు పోతుంది. ఈ కొండల్లో గోధుమ పిండి చూసి ఎన్నేళ్లయిందో. మొక్కజొన్న రొట్టెతో రుద్దాడు. అది పొడిపొడిగా రాలిపోయి, పేజీ మూల నూనె మరక మాత్రం మిగిలింది. మళ్లీ ప్రయత్నించలేదు. రొట్టె లేకనే అని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ నాలుగు వరుసలూ పోతే తను గుడారంలో కూర్చోలేదని చెప్పేది ఈ లోకంలో ఏదీ ఉండదు, తనతో సహా. 

బల్ల ముందు కూర్చుని కలం ముంచాడు. 'ప్రియమైన పిన్నీ' దాకా రాశాడు.

"అన్నా! ఆవు ముల్లంగి మడిలో పడింది!" బయటి నుంచి టెంపీ అరిచింది. "తొందరగా రా! నా మాట వినడం లేదీ మహారాణి!"

లేచి పరిగెత్తాడు. పుస్తకం తెరిచే ఉంది. దాని గురించి దిగులు పడలేదు. కెజయా అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే అతను చూశాడు. వచ్చిన ఉత్తరమేదైనా టెంపీ చేతో తన చేతో చదివించుకునేది.

ఆవును తోలి, కంచె కర్ర సరిచేసి తిరిగి వచ్చేసరికి కెజయా కిటికీ దగ్గర ఉంది. పుస్తకం ఆమె చేతిలో ఉంది. దాన్ని పక్కకు తిప్పి పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, డోవీ. జార్జియాలో నూలు మిల్లులో పనిచేసే కెజయా చెల్లెలు. చిన్నప్పుడు తనూ ఓరెనూ పందెం వేసుకుని కొండ దిగి తెచ్చేవారు ఆమె ఉత్తరాలు. ఒకే కాగితం మీద నిలువునా అడ్డంగా, ఈగలు పాకినట్టు. కెజయా వాటిని తీసుకుని అటక ఎక్కి, నిచ్చెన పైకి లాక్కునేది. గంట తర్వాత కళ్లు తుడుచుకుంటూ దిగేది. అక్కచెల్లెళ్ల కష్టాలు పిల్లల చేత చదివించుకునేవి కావు. ఇరవై ఏళ్లు అలాంటి ఉత్తరాలు చదివిన కళ్లు అవి. ఒక వరుసను పట్టుకుని, రెండో దాన్ని లేనట్టు చూడటం వాటికి అలవాటే.

ఆమె పైకి చదవసాగింది. అచ్చు అక్షరాల దగ్గర తడబడినట్టు తడబడలేదు.

"ఫిబ్రవరి తొమ్మిది. మంచు లేదు. మధ్యాహ్నం నుంచి ఓరెన్ పిలుస్తున్నాడు. మశూచి గుడారం వాగు అవతల. పోదలచినవాడు పోవచ్చు, పోతే మూడు వారాలు ఇవతలికి రాకూడదు అన్నాడు కెప్టెన్. బూట్లు వేసుకున్నాను. విప్పాను. పిలుపులు లెక్కపెట్టాను, పదకొండు. పొద్దు గూకాక ఆగింది."

ఆమె పేజీని మళ్లీ నిలువుగా తిప్పింది. సిరా రాతను కాసేపు చూసింది. మళ్లీ పక్కకు తిప్పింది.

"ఎవర్ని పిలిచాడు?"

లెమ్యూల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఒక్క మాట చాలని అతనికి తెలుసు. నిన్నే పిన్నీ, అమ్మా అనే పిలిచాడు అంటే ఆమె నమ్ముతుంది, నమ్మడానికి సిద్ధంగా ఉంది. గుడారంలో వెలుగు పడటం కనిపిస్తూనే ఉంది. ఎడమ చెయ్యి కూడా.

"నన్ను."

"అమ్మా అనలేదా?"

"లేదు పిన్నీ."

"ఒక్కసారైనా?"

"నాకు వినబడినంతవరకు లేదు. లెమ్ అనే. నువ్వు పిలిచినట్టే, సాగదీసి."

కెజయా తల ఊపింది, ఏదో సరుకు సరిపోయిందా లేదా చూసుకున్నట్టు. "చిన్నప్పుడు కూడా అంతేగా. చెట్టు మీంచి పడితే నా దగ్గరికి రాడు, నీ దగ్గరికే. అమ్మ తిడుతుంది, లెమ్ తిట్టడు అనేవాడు." మళ్లీ పేజీ వైపు చూసి, "బూట్లు ఎందుకు విప్పావు?"

"తెలీదు."

"తెలుసు. చెప్పు."

"భయమేసింది. నేనూ వాడిలా అయిపోతానని. వాడి ముఖం చూడాల్సి వస్తుందని కూడా."

"వేసుకునేప్పుడు లేదా భయం?"

"అప్పుడూ ఉంది."

ఆమె తిట్టలేదు. పుస్తకం మూసి, నాలుగు ముక్కల ఉత్తరాన్ని అందులో పెట్టి, రెండింటినీ కలిపి బైబిల్లో దూర్చింది. బైబిల్ అట్ట సరిగ్గా మూసుకోలేదు. అరచేత్తో అదిమింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి పిండి కలపడం మొదలుపెట్టింది. అతను ఆ గదిలో ఉన్నాడో లేదో ఆమె వీపును చూస్తే తెలియలేదు.

లెమ్యూల్ ఇంటి ముందు దుంగ మీదుగా వాగు దాటి చేలోకి వెళ్లాడు. కంకులు విరవాల్సినవి ఇంకా మూడు వరుసలున్నాయి. విరుస్తూ ఒకటే ఆలోచించాడు. పొద్దు గూకేవేళ ఆమె భోజనానికి పిలుస్తుంది. పిలిస్తే తనకు ఇల్లుంది. పిలవకపోతే, ఈ చేను ఆ చివర నుంచే బాట ఉంది, కొండ దిగితే వేరే ఊళ్లున్నాయి. ఎవరూ పొమ్మని అనక్కర్లేదు. వినబడకపోవడం ఎలాంటి మాటో అతనికి తెలుసు.

రెండు వరుసలు అయ్యాయి. ఎండ కొండ మీదికి ఎక్కింది. పొయ్యి పొగ సన్నగా లేచి, వాగు మీద వాలి నిలిచిపోయింది. టెంపీ కోళ్లను మూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. మూడో వరుస సగంలో ఉండగా కెజయా వసారాలోకి వచ్చింది. చేతులు నోటికి అడ్డం పెట్టింది.

"లె...మ్!"

మొదటి పిలుపుకే తలెత్తాడు. "వస్తున్నా పిన్నీ!"

గంప వదిలేసి దిగాడు. దుంగ వైపు వెళ్లలేదు. తిన్నగా నీళ్లలోనే దిగాడు. నవంబరు నీళ్లు బూట్ల పైనుంచి లోపలికి వచ్చాయి.

"లె...మ్!"

"వస్తున్నా!"

"లె...మ్!"

గట్టు ఎక్కాడు. పరిగెత్తాడు. ఇంటి ముందు గుమ్మడి పాదులో కాలు తట్టుకుని తూలాడు. ఇంకో పిలుపు. మెట్టు కింద నిలబడి, "వచ్చాను పిన్నీ," అన్నాడు, ఊపిరి అందక.

ఆమె అతని తల మీదుగా వాగు వైపు చూస్తోంది.

"లె...మ్!"

"అమ్మా, ఎదురుగానే ఉన్నాడు కదే," అంది టెంపీ, కోళ్ల గూడు దగ్గర్నుంచి నవ్వుతూ. "మొదటిసారి పిలవగానే వస్తే గుర్తుపట్టడం లేదా ఏంటి?"

కెజయా ఆపలేదు. ప్రతి పిలుపుకూ మెడ నరం ఒకటి లేస్తోంది. గొంతు పగులుతోంది. ఏడో పిలుపుకు టెంపీ నవ్వు ఆగిపోయింది. లెమ్యూల్ ప్రతిదానికీ బదులిచ్చాడు, వచ్చాను, వచ్చాను అని. అతనికి చెప్పకుండానే లెక్క లోపల నడుస్తోంది. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో పిలుపు చాలా చిన్నగా వచ్చింది, పక్క గదిలోని మనిషిని పిలిచినట్టు.

తర్వాత ఆమె చేతులు దించి, మొదటిసారి అతన్ని చూసింది.

"రొట్టె చల్లారిపోతోంది. రండి."

రండి అంది. ఎన్నేళ్లయిందో ఆ మాట ఓరెన్‌కూ తనకూ కలిపి విని.

గడప దగ్గర లెమ్యూల్ ఎప్పటిలాగే వంగి, తడిసిన బూటు తాడు ముడి విప్పబోయాడు.

"విప్పకు," అంది కెజయా, వెనక్కి తిరగకుండానే.

అతను బూట్లతోనే లోపలికి వెళ్లి కూర్చున్నాడు. రొట్టె తుంచుకున్నాడు. బల్ల కింద అతని బూట్ల నుంచి నీళ్లు మెల్లగా కారి, నేల చెక్కల సందుల వెంట, ఓరెన్ కూర్చునే బల్ల చివరకు పోతున్నాయి. ముగ్గురిలో ఎవరూ కాలు పక్కకు తీయలేదు.