రెండో రౌటర్‌కి పూజ

నాచారంలో మా ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల మధ్య బస్సు ఇరుక్కుపోయినప్పుడల్లా నాకు మా మెషిన్ రూమే గుర్తొస్తుంది. ఆ ఏసీ చలి, ప్రింటర్ రొద, సత్యవేణి మేడం డబ్బా తెరవగానే గదంతా పరుచుకునే చింతకాయ తొక్కు వాసన. మొన్న జూన్‌లో తెలంగాణ వచ్చిందని వీధంతా పటాకులు కాలుస్తుంటే సంబరపడుతూనే ఆ గది తలుచుకున్నాను. ఏం చేస్తాం, మనసు చెప్పిన మాట వినదు.

రెండువేల ఐదు నాటికే ఆ గదిలోని మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ ముసలిది. బీరువాలంత పెట్టెలు. అయినా స్టోర్స్, అకౌంట్స్, డిస్పాచ్ లెక్కలన్నీ దాని కడుపులోనే ఉండేవి. నేను నెట్‌వర్క్ వాణ్ణి. ఒక్కో డిపార్టుమెంటుకు ఒక్కో వీలాన్ కట్టాను, అంటే ఒకే వైర్ల మీద ఎవరి దారి వారిదన్నమాట. ఆ దారులన్నీ ఒక రౌటర్ దగ్గర కలిసి మెయిన్‌ఫ్రేమ్‌కి పోతాయి. రౌటర్ కాస్త తుమ్మితే చాలు, ముసలిది అలిగి అందరినీ బయటికి గెంటేసేది. సగం కొట్టిన బిల్లులు గంగలో కలిసేవి. మళ్ళీ మొదటినుంచి కొట్టుకోవాలి, నన్ను తిట్టుకుంటూ.

అందుకని పక్కనే రెండో రౌటర్ పెట్టాను. రెండిటికీ కలిపి ఒకే చిరునామా. మొదటిది పలికినంతసేపు రెండోది గమ్మున వింటూ కూర్చుంటుంది. మొదటిది మూగబోయిందా, అదే చిరునామాతో రెండోది అందుకుంటుంది. తెర ముందు కూర్చున్నవాడికి ఏదో జరిగిందని కూడా తెలియకూడదు. అక్కడికి తేవడానికి నాకు తాతలు దిగొచ్చారు.

ఇదంతా దేనికంటే, హెడ్డాఫీసు వాళ్ళు ఆ మెషిన్‌ని డిసెంబర్‌లో మూసేద్దామనుకుంటున్నారు. దసరా వెళ్ళాక ఒకాయన వచ్చి చూస్తాడు. ఒక రౌటర్ పీకేసినా పని ఆగకపోతే ఇంకో రెండేళ్ళు ఉంచుతారు. మూసేస్తే మెషిన్‌తోపాటు దాని ఆపరేటర్ సత్యవేణి మేడం కుర్చీ కూడా పోతుంది. ఆమెను నాగపూర్‌కి వేస్తారు. జనగామ వైపు నుంచి వచ్చి రామంతాపూర్‌లో అద్దెకుండే మనిషి, భర్త లేడు. కూతురు మానస అక్కడి బడిలోనే తెలుగు మీడియంలో పదో తరగతి. పిల్లను వదిలిపెట్టడానికి ఇక్కడెవరూ లేరు, తీసుకుపోతే నాగపూర్‌లో తెలుగు బడి లేదు. నేను రౌటర్లతో కుస్తీ పడుతుంటే ఆమె రోజూ అడిగేది, "అయితదా వీరేందర్?" అని. అయితదని నేను గొప్పగా చెప్పేవాణ్ణి.

ఆ గదిలో మూడో మనిషి ఆగయ్య. ఊడ్చేది, తుడిచేది, చాయ్ తెచ్చేది ఆయనే. కాంట్రాక్టర్ మనిషి, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిందే. కానీ ఆయనది నాచారం ఊరే. మెషిన్ రూమ్ కట్టిన జాగాలో వాళ్ళ నాయన జొన్న వేసేవాడట. ఏసీ నీళ్ళు కారే మూలను చూపించి, అక్కడ బాయి ఉండేదని చెప్పేవాడు. నాగలికి చేసినట్టే ఏటా దసరాకు మెషిన్లకు పూజ చేసేవాడు. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడకూడదని ఆయన పట్టింపు. మెయిన్‌ఫ్రేమ్‌ని ఆపే వీల్లేదని ఏటా మేడం బతిమాలేది. నడుస్తున్న మెషిన్‌కి బొట్టు పెడుతూ ఆయన ఏటా నొచ్చుకునేవాడు.

దసరాకు నేను భువనగిరి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి హెడ్డాఫీసు ఆయన ఒక రోజు ముందే దిగబడి మెషిన్ రూమ్‌లో ఉన్నాడు. పక్కనే మా మేనేజర్ చలపతిరావు, కొత్త పెళ్ళికొడుకులా ఇస్త్రీ చొక్కా. రెండు రౌటర్ల మీదా దట్టంగా బంతిపూల దండలు, లైట్లు కనబడటం లేదు. ఒక్క నిమిషం చూసుకోనివ్వండి సార్ అన్నాను. ఆ హెడ్డాఫీసు ఆయన వింటేగా. ఇంగ్లీషులో ఏదో ఉపన్యాసం ఇస్తూ, నన్ను అడగకుండానే మొదటి రౌటర్ కేబుల్ పీకాడు. ఆ చేతికి ఏ చీమ కుట్టినా బాగుండేది.

తెరలన్నీ ఒక్కసారే చచ్చాయి. ఫోన్లు మోగడం మొదలైంది. చలపతిరావు స్టోర్స్ వాళ్ళకు సర్దిచెప్పడానికి అవతలి గదికి పరిగెత్తాడు. నేను దండ ఎత్తి చూస్తే రెండో రౌటర్ చల్లగా ఉంది. ప్లగ్ తీసేసి, వైరు మడిచి, దాని మీద కుంకుమ పెట్టి ఉంది.

"నేనే తీసిన సార్," అన్నాడు ఆగయ్య నెమ్మదిగా. "గిది ఊకెనే ఉంటదని మీరే అన్నరు గద. గీ ఒక్కదానికన్న పద్ధతిగ పూజ జేద్దమని. మంచిరోజు జూసి రేపు పెడ్దమనుకున్న."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటిదాకా వచ్చిన తిట్టును మేడం ఉందని మింగాను. ప్లగ్ పెట్టి మొదటి కేబుల్ బిగించాను.

హెడ్డాఫీసు ఆయనకు తెలుగు రాదు. దీన్ని ఎవరు ఆపారని అడిగాడు. ఆయన లెక్క సూటిగానే ఉంది. కాంట్రాక్టు మీద వచ్చిన బయటివాడెవడో చెయ్యి పెట్టి ఉంటే వాణ్ణి ఇవాళే గేటు బయట పెట్టించి, రేపు పరీక్ష మళ్ళీ చేద్దామన్నాడు. చూసుకోవాల్సిన ఆపరేటరే ఆపి ఉంటే మాత్రం ఈ సెక్షన్‌ని నమ్మి రెండేళ్ళు ఇవ్వలేనన్నాడు. ఒక్క పేరు చెబితే మేడంకి రామంతాపూర్ దక్కుతుంది. నా గుండె కుదుటపడింది కూడా.

ఆమె లేచి నిలబడి, పండక్కని నేనే ఆపించాను అని ఇంగ్లీషులో చెప్పింది. నేను నోరు తెరవబోయాను. ఆమె నావైపు చూసిన చూపుకు మూసుకున్నాను. ఆయన తల ఊపి, బ్యాగు తీసుకుని చలపతిరావు గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి అక్కడ ఫ్యాక్స్ మెషిన్ చప్పుడు వినిపించింది.

ఇంగ్లీషు రాని ఆగయ్య గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. మేడం ఏమన్నదని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకుని గబగబా మేనేజర్ గదివైపు నడిచాడు. తీసింది తనేనని తానే పోయి చెప్తానంటూ.

సత్యవేణి మేడం తలుపుకు అడ్డం వచ్చింది.

"అన్నా, నా ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఫ్యాక్స్‌ల పోయింది. ఇగ నీ పేరు మీద గూడ ఒకటెందుకు రాపిచ్చుడు?"

"నా పనికిమాలిన పానానికి నువ్వెందుకు పోవాలె తల్లీ?"

"నాకు నాగపూర్‌ల కుర్చీ ఉన్నది. నిన్ను గేటు బైట వెడితే నువ్వు యాడికి వోతవ్?"

ఆగయ్య నడుముకు చుట్టుకున్న తువ్వాల విప్పాడు.

"మరి మానస పరీచ్చ ఏ భాషల రాస్తది?"

డిస్పాచ్ వాళ్ళ బిల్లులు మళ్ళీ మొదటినుంచి కొట్టాల్సి ఉంది. మేడం వెళ్ళి కూర్చుని, కళ్ళు తుడుచుకుని మొదటి బిల్లు తీసింది.