నీళ్లు ఎంతవరకు వచ్చాయి

లంచ్ బాక్సు మూతలోని రబ్బరు రింగును చెంచా కొసతో పైకి లేపి, దాని కింద పేరుకున్న జిడ్డు తోముతున్నాను. మా ఆయనకూ పిల్లలిద్దరికీ కలిపి ఆరు మూతలు. రింగు తీసి కడగాలని ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తీయకపోతే వచ్చే వాసన మాత్రం అందరికీ తెలుస్తుంది. కుళాయి వెనక, పాలిథిన్ కవరులో పుస్తకం నిలబెట్టి ఉంది. అందులో ఒకామె నేలమాళిగలో చిక్కుకుపోయింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

"మళ్లీ చావుల పుస్తకమేనా?" వెనక నుంచి మా ఆయన. "ఇవి చదివి చదివే నువ్విలా అయ్యావు. పదింటికి డాక్టరు దగ్గరికెళ్లాలి, గుర్తుందా?"

ముందు ఇలా అయ్యాను, తర్వాతే ఇవి చదవడం మొదలుపెట్టాను. ఆ వరస ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. మా ఆడబిడ్డ మంచి మనసుతోనే ఓ పుస్తకం పంపింది. "రోజూ అద్దంలో చూసుకుని పదిసార్లు నవ్వాలంట వదినా!" నవ్వాను. మూడోసారికే అద్దంలో మనిషి మీద జాలేసింది, పాపం, ఎవరో మెడ మీద చెయ్యేసి నవ్విస్తున్నట్టుంది. వెలుతురు పుస్తకాలన్నీ నన్ను లేచి రమ్మంటాయి. చీకటి కథలు తామే దిగివచ్చి పక్కన కూర్చుంటాయి. నేలమాళిగలో ఉన్నామెను 'నీకేం తక్కువ?' అని ఎవరూ అడగరు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెబుతారు, అంతే.

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లేసరికి నా అలమర ఖాళీ. పుస్తకాలన్నీ తాడుతో కట్టి గుమ్మం పక్కన పెట్టాడు.

"సాయంత్రం పాతపేపర్లతను వస్తాడు. నీ మంచికే."

కుళాయి వెనకది మాత్రం నా రిపోర్టుల ఫైల్లో దాచుకున్నాను. ఆస్పత్రి బెంచీ మీద, ఆయన ఫోన్లో ఉన్నంతసేపూ చదివాను. నీళ్లు గొంతు దాకా వచ్చాయి. పైన ఎవరివో అడుగులు వినిపిస్తున్నాయి. ఆమె మాత్రం ఊరికే వింటోంది. కేక వెయ్యవే పిచ్చిదానా, అని తిట్టుకుంటుండగా లోపలికి పిలిచారు.

డాక్టరుగారు నన్నే చూస్తూ అడిగింది. జవాబులు మా ఆయనవి.

"నిద్ర పడుతోందా?"

"పడుతుందండీ."

"ఆకలి?"

"ఏదో తింటుందండీ."

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా?"

"అబ్బెబ్బే! బంగారంలాంటి పిల్లలున్నారు కదండీ. ఆ పుస్తకాలు మానేస్తే అన్నీ సర్దుకుంటాయి."

ఒళ్లో ఫైలు. కవరు తడి చీరకి అంటుతోంది.

"ఏవండీ, మీరు కాస్త బయట కూర్చోండి," అన్నాను.

"నేనా? ఎందుకూ?"

"కూర్చోండి."

ఆయన వెనక తలుపు పూర్తిగా మూసుకునే దాకా ఆగాను.

"అనిపిస్తుంది డాక్టరుగారూ. రోజూ. ఇవాళ పొద్దున కూడా. ఇంకా నలభై పేజీలున్నాయని ఆగాను."