కునాఫా వచ్చే రోజులు

బియ్యం కూరి వండడానికి రిహాబ్ కూసా కాయల్లోంచి గుజ్జు తొలుస్తూ ఉండగా ఫోన్ మోగింది. ఆమె చేతులు తడిగా ఉన్నాయని అత్తగారు ఉమ్ హైసమే ఎత్తి, స్పీకర్ నొక్కి, గిన్నె పక్కన పెట్టింది. అవతల గాదా. కాలేజీలో రిహాబ్ పక్కనే కూర్చుని చదివిన స్నేహితురాలు, ఇప్పుడు అమ్మాన్‌లో కంటి క్లినిక్ నడుపుతోంది.

"జాబితా పెట్టారు రిహాబ్," అని ఆగింది గాదా. ఆ ఆగడంలోనే సంగతి తెలిసిపోయింది.

"లేదు కదా?"

"పైనుంచి కిందదాకా చూశాను. లేదు."

చూపు పరీక్షించే ఆప్టోమెట్రీ చదువులో సీటు రాకపోవడం ఇది నాలుగోసారి. రిహాబ్ చేతిలోని కాయని తొలుస్తూనే ఉంది. లోపలి గోడ పల్చబడి పల్చబడి చివరికి చిల్లి పడింది. ఇంకో రోజయితే ఉమ్ హైసమ్ ఊరుకునేది కాదు. "బియ్యమంతా పులుసులోకి కారిపోతుంది, మీ అమ్మ ఇదే నేర్పిందా?" అనేది. ఇవాళ మాత్రం కోడలి చేతిలోంచి చాకు మెల్లగా తీసుకుంది.

"నీకు రాసిపెట్టి లేదు తల్లీ. పోయి కాసేపు నడుం వాల్చు. ఇవన్నీ నేను చూసుకుంటాలే."

రిహాబ్ గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి చూస్తే సల్త్ ఊరి కొండమీద మెట్లుమెట్లుగా పసుపురాతి ఇళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. ఏడుపు రాలేదు. ఏడుపుకి బదులు ఎప్పుడూ వచ్చేదే వచ్చింది, చిన్నప్పటి జ్ఞాపకం. తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం. అందరూ ఆ అద్దాల్లోంచి ఏం కనిపిస్తోందని అడిగారు, ఆమె చెప్పలేదు. నాన్న భోజనాల దగ్గర అమ్మని ఏదో అంటున్నాడు, అమ్మ ఎప్పటిలాగే తలొంచుకుని రొట్టె తుంచుతోంది. కానీ ఆ రోజు మొదటిసారి రిహాబ్‌కి అమ్మ పెదవులు కనిపించాయి. అవి కదులుతున్నాయి. నాన్న అనే ప్రతి మాటకీ అమ్మ చప్పుడు లేకుండా జవాబు చెబుతోంది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఇంకో సంభాషణ నడుస్తోందని, చూపు మసకగా ఉండడం వల్లే తనకి తెలియలేదని ఆ పిల్లకి అర్థమైంది. ఆ క్షణమే అనుకుంది, పెద్దయ్యాక మనుషులకి చూపు సరిచేసే పని చేయాలని.

బడి చివరి పరీక్షలో మార్కులు చాలక యూనివర్సిటీ సీటు అందలేదు. రెండేళ్ళ కళ్ళద్దాల డిప్లొమాలో చేరింది. డిప్లొమా వాళ్ళు అర్హత పరీక్ష రాసి పై చదువుకి వెళ్ళే దారి ఒకటుంది, సీట్లే వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఆ కాలేజీ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ రిహాబ్ ముఖం విచ్చుకుంటుంది. చీకటి గదిలో అమ్మాయిలు ఒకరి కంట్లోకి ఒకరు లైటు వేసి చూసుకునేవాళ్ళు. ఒకరి ఊపిరి ఇంకొకరి చెంపకి తగిలేది, ఉల్లిపాయలు తిన్నవాళ్ళు దొరికిపోయేవాళ్ళు. "కదలకే గాడిదా," అని గాదా గడ్డం పట్టుకుని, మొట్టమొదటిసారి ఆమె కంటి లోపలి పొర చూసింది రిహాబ్. సాయంకాలపు ఆకాశం నారింజ రంగులో పరుచుకుంటే దాంట్లో ఎర్రటి సన్నటి ఏరులు పారుతున్నట్టుంది. "ఏం కనిపిస్తోందే?" అని గాదా అడిగితే, "నువ్వు లోపల చాలా అందంగా ఉన్నావే," అంది. గదంతా నవ్వులు. ఆ నవ్వుల్లో తన గొంతు ఎంత గట్టిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఎవరిదో గొంతులా అనిపిస్తుంది.

ఆ చదువు చూసే హైసమ్ వాళ్ళు ఆమెని చేసుకున్నారు. వాళ్ళది హమ్మామ్ వీధిలో కళ్ళద్దాల షాపు. పెళ్ళైన మర్నెల నుంచే రిహాబ్ అక్కడ కూర్చుంది. పొద్దున ఇంటి పని, మధ్యాహ్నం నుంచి షాపు పని. జీతం సంగతి ఒకసారి నవ్వుతూ ఎత్తితే, "ఇల్లు నీది, షాపు నీది, నీ డబ్బు నువ్వే తీసుకుంటావా?" అన్నాడు హైసమ్. వచ్చినవాళ్ళు ఆమెనెవరని అడిగితే, "మా ఆవిడ. ఇంట్లో తోచక సరదాకి వస్తుంది," అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో చెడ్డతనమేమీ ఉండదు. అదే ఆమెకి ఎక్కువ బాధ.

మొదటిసారి సీటు రానప్పుడు పెళ్ళై ఏడాది. ఆ వారమే హైసమ్ షాపు మూసి ఆమెని అజ్లూన్ అడవికి తీసుకెళ్ళాడు. ఓక్ చెట్ల కింద పుల్లలు ఏరి మంట వేసి టీ కాచాడు, ఆకు వాసన, పొగ వాసన కలిసిన టీ. ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని గొంతు సరిగ్గా రాకపోయినా పాట పాడాడు. వాళ్ళ కాపురంలో అంతకన్నా మంచి రోజు లేదు. రెండోసారి రానప్పుడు అత్తగారు తన చేతి బంగారు గాజు తీసి కోడలికి తొడిగింది. మూడోసారి ఇంటర్వ్యూదాకా వెళ్ళింది. ముగ్గురు మగవాళ్ళు కూర్చున్నారు. "పాప చిన్నది కదా, చూసుకునేదెవరు?" అని ఒకాయన అడిగాడు. అత్తగారని చెప్పింది. "మరి మీ అత్తగారు ఒప్పుకున్నట్టు రాసిచ్చారా?" అంటే ముగ్గురూ నవ్వారు. రిహాబ్ కూడా నవ్వింది. ఆ నవ్వుకే ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆ ఏడాది జాబితాలో పేరు లేదని తెలిసిన రోజు ఉమ్ హైసమ్ ఆమెని కింద కూర్చోబెట్టుకుని తలకి ఆలివ్ నూనె పట్టించింది. ఆ వేళ్ళ వెచ్చదనానికి రిహాబ్, వాళ్ళమ్మ పోయాక మొదటిసారి, నిశ్చింతగా నిద్రపోయింది.

ఇవన్నీ తీపి జ్ఞాపకాలే. ఒకదాని తర్వాత ఒకటి తలుచుకుంటూ, ఈ మనుషుల మీద కోపం ఎలా వస్తుందని తనని తాను తిట్టుకుంటూ ఉండగానే సాయంత్రమైంది. హైసమ్ తొందరగా వచ్చేశాడు. చేతిలో పళ్ళెమంత కునాఫా మిఠాయి పొట్లం. ఎప్పటిలాగే జున్ను సాగేటంత వేడిగా తెచ్చాడు. ఆడపడుచు సుహైర్ పిల్లలతో వచ్చింది, వస్తూనే గిన్నెలు కడిగేసింది. ఎవరో సేజ్ ఆకు వేసి టీ పెట్టారు. రిహాబ్‌ని సోఫా మధ్యలో కూర్చోబెట్టి పెద్ద ముక్క ఆమె చేతికిచ్చారు.

కూతురు లమీస్ ఒకటో తరగతి. చుట్టూ చూసి, "అమ్మా, ఇవాళ పండగా?" అంది.

అందరూ నవ్వారు. ఉమ్ హైసమ్ మనవరాలిని దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుంది. "పండగే అనుకో నా బంగారం. మీ అమ్మ మనింట్లోనే ఉంటుంది కదా."

ఆ మాట ఎంతో ప్రేమగా అంది. రిహాబ్ చెంచా పళ్ళెంలోనే ఆగిపోయింది.

ఆమెకి ఇంకో రోజు గుర్తొచ్చింది, ఎప్పుడూ తలుచుకోని రోజు. అర్హత పరీక్షలో పై వరసలో పాసైన రోజు. బస్సు దిగి మెట్లన్నీ పరిగెత్తి ఎక్కి, ఆయాసపడుతూ ఇంట్లో చెప్పింది. "మంచిది," అంది అత్తగారు. భోజనాల దగ్గర, "పప్పులో ఉప్పెక్కువైంది. మనసెక్కడో పెట్టి వండితే ఇంతే," అంది. హైసమ్ పళ్ళెం తోసేసి లేచాడు. "రోజూ నువ్వు బస్సెక్కి పోతే షాపులో ఎవరుంటారనుకున్నావ్?" అన్నాడు. ఆ వారమంతా మాట్లాడలేదు. సుహైర్ రాలేదు. ఎవరూ ఏమీ తేలేదు. అప్పుడామె అనుకుంది, వీళ్ళకి ఏవో చికాకులున్నాయి పాపం అని. ఇన్నేళ్ళుగా ఆ రోజుని ఈ రోజుల పక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు పెట్టి చూసింది. ఈ ఇంట్లో తనని అందరూ కడుపులో పెట్టుకుని చూసిన రోజులన్నీ తాను ఓడిపోయిన రోజులే.

వాళ్ళు నాటకం ఆడలేదు. నిజంగానే ప్రేమించారు. బయటికి వెళ్ళబోయి తిరిగొచ్చిన మనిషిని ప్రేమించినట్టు ప్రేమించారు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, ఇంకా వెలుతురు ఉండగానే, హైసమ్ బాల్కనీలో ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇక చాల్లే రిహాబ్. నాలుగుసార్లు మనసు విరగ్గొట్టుకున్నావు. నిన్నిలా చూడలేకపోతున్నా. మనకేం తక్కువ?"

"హైసమ్, ఒకటడుగుతాను. సీటు వచ్చి ఉంటే కూడా ఇవాళ కునాఫా తెచ్చేవాడివా?"

"ఇదేం ప్రశ్న?"

"తెచ్చేవాడివా?"

అతను చెయ్యి తీసి సిగరెట్ వెతుక్కున్నాడు. అబద్ధం ఆడదామనుకున్నాడు, ఆమెకి తెలుస్తూనే ఉంది. కానీ అతను అబద్ధాలాడే మనిషి కాదు.

"షాపు ఎలా నడుస్తుంది?" అన్నాడు చివరికి. "అమ్మ పెద్దదైంది. లమీస్‌ని ఎవరు చూస్తారు? నువ్వు డాక్టరమ్మవై వస్తే ఇక్కడ ఈ బాల్కనీలో నాతో కూర్చుంటావా?"

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు చిన్నపిల్లాడి గొంతైంది. రిహాబ్‌కి జాలేసింది. అజ్లూన్ అడవిలో టీ కాచిన మనిషి ఇతనే. జాలి వేస్తే వేసింది, చెప్పాల్సింది చెప్పింది.

"గాదా క్లినిక్‌లో మనిషి కావాలట. పొద్దుటి నుంచి సాయంత్రందాకా, జీతానికి. వచ్చే వారం నుంచి వెళ్తున్నాను. సీటు కోసం మళ్ళీ పేరు ఇస్తాను."

"నన్ను అడగడం లేదన్నమాట."

"చెబుతున్నాను."

తర్వాతి నెలలు సుఖంగా ఏమీ గడవలేదు. హైసమ్ షాపులో ఒక కుర్రవాడిని జీతానికి పెట్టుకుని, ఆ మాట ఆమె వినేలా రోజూ అన్నాడు. ఉమ్ హైసమ్ పొరుగువాళ్ళతో, "మా కోడలికి అమ్మాన్ గాలి తగిలింది," అంది. రిహాబ్ బస్సులో చదువుకుంది. మొదటి జీతంతో తన కళ్ళద్దాలు మార్చుకుంది. ఇంట్లో కొన్ని పనులు చేసింది, కొన్ని చేయలేదు. చేయనివి ఒక్కోటీ ఎవరో ఒకరు విసుక్కుంటూ చేసుకున్నారు.

మళ్ళీ జాబితా వచ్చిన రోజు ఆమె క్లినిక్‌లోనే ఉంది. గాదా తలుపు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపింది. రిహాబ్ ఎదురుగా కూర్చున్న ముసలమ్మకి కంటి పరీక్ష పూర్తి చేసి, మెట్లదాకా చెయ్యి పట్టుకుని పంపింది. అప్పుడు చీకటి గదిలోకి వెళ్ళి గాదా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. గాదా కూడా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "మళ్ళీనా?" అంది.

"మళ్ళీనే," అంది రిహాబ్.

ఇంటికొచ్చేసరికి ఉమ్ హైసమ్ ఫ్రీకే గోధుమల్లో రాళ్ళు ఏరుతోంది. తలెత్తి చూసింది.

"కళ్ళెందుకలా ఎర్రగా ఉన్నాయి?"

"దుమ్ము అత్తయ్యా. బయట గాలి గట్టిగా ఉంది."

"చన్నీళ్ళతో కడుక్కో. ఇంత ఆలస్యమేంటసలు? ఇవన్నీ నేనొక్కదాన్నే ఏరాలా?"

మామూలు కసురు, మామూలు సాయంత్రం. షాపు నుంచి హైసమ్ ఎప్పటి వేళకే వచ్చాడు, ఖాళీ చేతులతో. రిహాబ్ ముఖం కడుక్కుని, కొత్త కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, పుస్తకం తెరిచింది. ఈసారి తన ఓటమిని ఆమె ఎవరికీ వడ్డించలేదు.