భర్త సంతకం లేని దరఖాస్తు

కోడలు బట్టలు పిండుతుండగానే అత్తగారు మొదలుపెట్టింది. "ఆఫీసుకెళ్ళి చెయ్యి చాస్తావా? రేపు నా కొడుకు నలుగురిలో తలెత్తుకోగలడా?"

ఆ కొడుకు ఇప్పుడు పరాయి దేశంలో, తలెత్తితే రేకు తగిలే షెడ్డులో, మరో పదిమంది వెల్డర్లతో పడుంటున్నాడు. కంపెనీ యజమాని అందరి పాస్‌పోర్టులూ దాచేసి మాయమై నాలుగు నెలలైంది. జీతం లేదు, తిరిగొచ్చే దారీ లేదు. అలా చిక్కుకుపోయినవాళ్ళ కుటుంబాలకు సర్కారు భృతి ఇస్తుందని నిన్న పాప స్కూలు ఆయమ్మ చెప్పినప్పటినుంచీ కోడలికి కాలు నిలవడం లేదు. ఆఖరి దుప్పటి దండెం మీద పడేసి, తడిచేతులతోనే కాగితాల సంచీ అందుకుంది.

సర్కారు ఆఫీసు కౌంటర్లో గుమాస్తా ఆమె దరఖాస్తు తిరగేశాడు. "కుటుంబ యజమాని సంతకం కావాలమ్మా. మీ ఆయన్ని పంపండి."

"ఆయన రాగలిగితే నేనెందుకొస్తానండీ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా మొహం ముడుచుకున్నాడు. "మీరేం చేస్తుంటారు?"

'ఇంట్లో ఖాళీగానే ఉంటుంది.' మొగుడు అందరికీ చెప్పే ఆ మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఖాళీయా! తెల్లారకముందే లేచి నీళ్ళు పడుతూ, అత్తగారి మోకాళ్ళకు కాపడం పెడుతూ, పాపతో ఎక్కాలు చెప్పిస్తూ మధ్యలో నాలుగిళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది ఎవరు? మొన్న వానకి కప్పు కారితే నిచ్చెనెక్కి సిమెంటు పూసింది ఎవరు? ఆమె హుషారుగా కౌంటరు మీదికి వంగింది. "ఇల్లు నడుపుతుంటానండీ. యజమాని గడిలో నా పేరు రాయండి."

పక్క బల్ల దగ్గరి పెద్దమేడమ్ కళ్ళజోడు సర్దుకుని నిబంధనల పుస్తకం తిరగేసింది. "నిజమేనయ్యా, ఇల్లు ఎవరు నడిపితే వాళ్ళే. రాసెయ్."

మంజూరు కాగితం చేతికందగానే ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది. బస్సులో నిలబడే నాలుగుసార్లు చదువుకుంది. ఇంటికి చేరేసరికి మొగుడి ఫోను.

"మంజూరైందా? బతికించావే! డబ్బు మాత్రం అమ్మ ఖాతాలో వేయించు. నీకవన్నీ తెలీవు."

"నా ఖాతాలోనే వేయించానండీ. మీ తిండికి నేను పంపిస్తాగా."

"అయితే నా పేరు ఎక్కడా రాయలేదా?"

ఆమెకు నవ్వాగలేదు. "అయ్యో, ఎందుకు రాయనండీ! పాప పేరు కిందే రాయించాను, నా మీద ఆధారపడినవాళ్ళలో."