నోటికి రాని నంబర్

"పొద్దుగాల్నుంచి ఏం సదువుతున్నవే, దేవుని పాటనా?" అంది పోయిన వారం మా అత్త భూమవ్వ, తునికాకు కత్తిరిస్తూ. నేను పొగాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. నాలుగో నెల, చాట ఇంకా ఒళ్లో పడుతోంది.

"కాదత్తా, నా ఫోన్ నంబర్."

"నీ ఫోన్‌కు నువ్వే చేసుకుంటవా ఏంది?" అని నవ్వింది.

నవ్వదా మరి! మూడేళ్లుగా ఆ ఫోన్ నా దగ్గరే ఉంది, నంబర్ నాకు నోటికి రాదు. మా ఆయన నాగేందర్ నంబర్ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రేషన్ కార్డుకు అదే, గ్యాస్‌కు అదే, నా బీడీ కార్ఖానా కాగితాలకూ అదే. చుట్టేది నేను, మెసేజ్ పోయేది ఆయనకు. "నీకెందుకు గవన్ని, నేనున్న గద" అనేవాడు. ప్రేమగానే అనేవాడు, అదే చిక్కు.

మొదటి కడుపప్పుడు ఆశా కార్యకర్త గోదావరక్క నా గర్భిణి కార్డు నింపుతూ "ఇంటాయన నంబర్ చెప్పు రోజా" అంది. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాను. గర్వపడ్డాను కూడా.

నాకు అమ్మ లేదు. అందుకే తొలి కాన్పూ అత్తగారింట్లోనే. నాగేందర్ వరి కోత మిషన్ నడుపుతాడు. నొప్పులు వచ్చిన రోజు చందూర్ దిక్కు పొలాల్లో ఉన్నాడు. గోదావరక్కకు ఫోన్ చేస్తే, నిజామాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నానంది. "దవాఖాన బండికి చెప్పిన. డ్రైవర్ ఫోన్ చేస్తడు, నువ్వు భయపడకు" అంది. ఫోన్ గుప్పిట్లో పట్టుకుని పడుకున్నాను. అది మోగలేదు. మోగింది చందూర్‌లో, మిషన్ చప్పుడులో, ఆయన చొక్కా జేబులో. పదకొండు సార్లు. మా ఊరి పేరే ఉన్న ఇంకో ఊళ్లో బండి ఆపుకుని, దారి అడగడానికి కార్డులో ఉన్న నంబర్‌కు చేశాడట డ్రైవర్. ఎవరూ ఎత్తక, చివరికి ఇంకో గర్భిణి కోసం వెళ్లిపోయాడు.

కాన్పు అత్తే చేసింది. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుంది. "ఏడువు బిడ్డా, ఒక్కపారి ఏడువు" అంటూ ఆ చిన్న వీపు తడుతూనే ఉంది అత్త. నా బిడ్డ ఏడవలేదు. నర్సు చేతిలో పడితే దక్కేదేమోనని తర్వాత బోధన్ దవాఖానలో అన్నారు. అప్పటినుంచి అత్త ఊరికే కూర్చున్నప్పుడు తన చేతులు చూసుకుంటుంది. తన ఏడు కాన్పులూ ఈ ఇంట్లోనే అయ్యాయని అంతకుముందు గొప్పగా చెప్పేది. బతికింది నలుగురేనని నాకు ఆ తర్వాతే చెప్పింది.

నాగేందర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "మిషన్ మీదున్ననే, వినబడలే" అన్నాడు. తిట్టలేకపోయాను. ఆ నంబర్ ఇచ్చింది నేనే కదా. నన్ను నేను మాత్రం రెండేళ్లు తిట్టుకున్నాను.

నిన్న ఆయన, "ఈసారి ఫోన్ జేబుల వెట్ట, చేతులనే వట్టుకుంట" అన్నాడు. పాపం, పట్టుకుంటాడు కూడా.

"నొప్పులు నాకొస్తయి. ఫోన్ గూడ నాకే రావాలె" అన్నాను.

ఇవాళ అత్తతో ఆస్పత్రికి వెళ్తే, గోదావరక్క కొత్త కార్డు తెరిచింది. పేరు రాసి, అలవాటుగా "ఇంటాయన నంబర్..." అంది.

"నాది రాయక్కా."

తలెత్తి చూసింది. గది నిండా ఆడవాళ్లు. తొమ్మిదితో మొదలుపెట్టి ఆరు అంకెలు చెప్పాను. ఏడోది దగ్గర ఆగిపోయాను. వారం రోజులు బీడీ బీడీకీ చదివింది ఎటు పోయిందో! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోదావరక్క పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

నా వెనక, పలక పట్టని మా అత్త గొంతు సవరించుకుంది.

"సున్న, ఎనిమిది, రెండు, ఐదు. గది నా కోడలి నంబర్ గోదావరీ, మంచిగ సూసి రాయి."