ఉడుతను కసిరిన తాబేలు

మా అమ్మాయికి నత్తి. ఆరేళ్ళు వచ్చినా ఇంట్లో తప్ప బయట నోరు విప్పేది కాదు. నేనేమో కంగారు మనిషిని. అది ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయి అవస్థ పడుతుంటే చూడలేక మిగతా మాట నేనే అనేసేదాన్ని. అది మళ్ళీ నోరు మూసుకునేది.

నా చేత ఆ అలవాటు మాన్పించింది ఒక బొమ్మల సినిమా. అందులో తాబేలుకు నత్తి. వరద వస్తోందని చెప్పడానికి అది నానా తంటాలు పడుతుంటే అడవిలో అందరూ విసుక్కుని వెళ్ళిపోతారు. ఒక్క ఉడుత మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. "చెప్పు, నాకేం పనుంది" అంటుంది. మాట పూర్తవుతుంది, అందరి ప్రాణాలూ దక్కుతాయి.

ఆ సినిమా మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో! మా అత్తగారికైతే మాటలన్నీ కంఠతా వచ్చు. అమ్మాయి మాట్లాడబోతే చాలు, ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి గడ్డం కింద చెయ్యి పెట్టుకునేవారు. చూసి చూసి నేనూ నేర్చుకున్నాను. నెమ్మదిగా అమ్మాయి బడిలో కూడా ఒకటీ అరా మాట్లాడసాగింది. వచ్చే సోమవారం క్లాసులో అందరి ముందూ నిలబడి, ఇష్టమైన బొమ్మల సినిమా గురించి చెప్పాలట. తాబేలు గురించి చెబుతానంది.

ఇంతలో ఆ సినిమా రెండో భాగం వచ్చింది. శనివారం మ్యాట్నీకి మా మరిది అందరినీ తీసుకెళ్ళాడు.

మొదట్లోనే తాబేలు ఏదో నీలం పండు తింది. నత్తి పోయింది. ఇక వాగుడే వాగుడు. విమానం నడిపింది, తొండల మూకను చితక్కొట్టింది. చివర్లో ఉడుత భయంతో మాట పెగలక నిలబడితే, "తొందరగా చెప్పి ఏడు, నాకు బోలెడు పనుంది" అని కసిరింది. హాలంతా ఈలలు. మా అమ్మాయి ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

బయటికొచ్చాక మంచినీళ్ళు కూడా వేలితో చూపించి అడిగింది. ఇల్లు చేరాక నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ ప... ప... పండు నాకూ కొంటావా?" అంది.

నేను తొమ్మిదో తరగతితో చదువు మానేసినదాన్ని. ఇలాంటప్పుడు పిల్లకు ఏం చెప్పాలో నాకెవరు నేర్పారు? సోమవారం టీచరును బతిమాలి, మా అమ్మాయిని లేపొద్దని చెప్పి రావాలనుకున్నాను.

"అలాంటి పండు లేదమ్మా" అన్నాను.

"మరి దా... దానికెలా పోయింది?"

"పోలేదే. సినిమా తీసినవాళ్ళకు వినే ఓపిక లేక పోగొట్టేశారు."

అత్తగారు వంటింట్లోంచే అందుకున్నారు. "ఉడుతను పట్టుకుని అంత మాటంటుందా? ఆ వేళ కూర్చుని విన్నదెవరట? విశ్వాసం లేని జంతువు!"

"అది తాబేలమ్మా, నీ తోడికోడలు కాదు" అన్నాడు మరిది, ఫోను చూసుకుంటూ. "ఏదేమైనా ఫైట్లు అదిరిపోయాయి."

అమ్మాయి వెళ్ళి బాబాయి చేతిలో ఫోను లాక్కుని వెనక దాచుకుంది.

"ఫై... ఫై..." ముఖం ఎర్రబడింది. మాట నా నాలుక చివరే ఉంది. పెదవి కొరుక్కున్నాను. మరిది నవ్వబోయి మానేశాడు.

"ఫైట్లు ఎవరైనా చేస్తారు బాబాయ్. అది మ... మన తాబేలు కాదు."

"మరెవరే?"

"దాని డి... డిప్ప తొడుక్కున్న ఇంకెవరో."

"అలా గడ్డి పెట్టవే!" అన్నారు అత్తగారు.

ఆదివారమంతా బాబాయితో అదే పేచీ. అయినా నా బెంగ తీరలేదు. ఇంట్లో మాట వేరు, క్లాసులో వేరు. సోమవారం బడి గేటు దగ్గర టీచరును ఆపి, "మేడమ్, ఈ రోజు మా అమ్మాయిని..." అని మొదలుపెట్టాను.

అమ్మాయి నా చెయ్యి గట్టిగా గుంజింది. టీచరు వైపు తలెత్తి, "నే... నేను చెబుతాను మేడమ్. రెండో సినిమా ఎం... ఎందుకు బాలేదో కూడా చెబుతాను. కొంచెం టై... టైం పడుతుంది" అంది.

"పట్టనీ" అన్నారు టీచరు.

ఇక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. సంచి దాని భుజానికి తగిలించి లోపలికి పంపించాను.